క్లాతెన్ పల్లెలో మామగారి మడి: తాకట్టు విడిపించుకోవాలా, చట్టం చూపించాలా?

జావా అల్లుడు

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. మాది తణుకు పక్కన పల్లె. స్పిన్నింగ్ మిల్లు ఉద్యోగం మీద ఇండోనేషియాలో మధ్య జావాలోని సోలో నగరానికి వచ్చి 13 ఏళ్లయింది. ఇక్కడి అమ్మాయినే చేసుకున్నాను. ఆరేళ్ల నుంచి క్లాతెన్ జిల్లాలో మా ఆవిడ పుట్టినూళ్లోనే కాపురం.

ఊరు చిన్నది. ఇళ్లు చాలామటుకు దక్షిణం ముఖం. ఇంటి వెనక పెరట్లో పనస, కొబ్బరి, అరటి, మెలింజో చెట్లు. పెరడు దాటితే వరిచేలు. తెల్లారేసరికి మబ్బు లేకపోతే వాయవ్యాన మెరాపి కొండ కనబడుతుంది. 2006 మే 27 భూకంపంలో అత్తారిల్లు కూలిపోతే ఊరంతా చేతులు కలిపి మళ్లీ లేపిన ఇంట్లోనే ఇప్పుడు ఉంటున్నాం.

విషయానికొస్తాను. మామగారు పోయి ఏడాది దాటింది. ఆయనకున్న వరి పొలం 2,400 చదరపు మీటర్లు, మన లెక్కలో దాదాపు 60 సెంట్లు. వారసులు మా అత్తగారు, మా ఆవిడ, జకార్తా పక్కన తంగెరాంగ్‌లో ఫ్యాక్టరీలో పనిచేసే మా బావమరిది. పట్టా లేదు. ఊరి ఆఫీసులో ఉండే ‘లెటర్ సి’ అనే పాత పన్ను పుస్తకంలో మా ఆవిడ తాతగారి పేరు మీద ఒక పేజీ ఉంది, అంతే.

పైగా ఆ పొలంలో సగం తాకట్టులో ఉంది. తొమ్మిదేళ్ల కింద మా అత్తగారి ఆపరేషన్ కోసం మామగారు పక్కింటి పెద్దాయన దగ్గర కోటీ యాభై లక్షల రూపియా తీసుకుని 1,200 మీటర్ల మడి ఆయన చేతిలో పెట్టారు. వడ్డీ లేదు. అసలు తిరిగిచ్చేదాకా పంట ఆయనది. దీన్ని ఇక్కడ గదాయ్ అంటారు.

ఇప్పుడు మా ఊరికి పీటీఎస్ఎల్ వచ్చింది, అంటే ఊళ్లో భూములన్నీ ఒకేసారి కొలిచి పట్టాలిచ్చే ప్రభుత్వ పథకం. జావాలో ఊరివాళ్ల నుంచి తీసుకునే ముందస్తు ఖర్చు లక్షా యాభై వేల రూపియా. ఈ అవకాశం పోతే విడిగా చేయించుకోవడానికి చాలా ఎక్కువవుతుంది. కానీ తాకట్టులో ఉన్న మడిని ఎవరి పేరున కొలిపించాలి? నేను విదేశీయుణ్ణి కాబట్టి నావల్ల మా ఆవిడ హక్కుకు ఏమైనా అడ్డా? ఈ దేశంలో ఉన్న మనవాళ్లు ఎవరైనా చెప్పగలరా?

బాండుంగ్ లత

తమ్ముడూ, నాది నీ కథకు తలకిందులు. నేను తెలుగు, మావారు ఇక్కడి పశ్చిమ జావా సుందా జాతి ఆయన. ఈ తిప్పలన్నీ పడి వచ్చినదాన్ని గనుక చెప్తాను.

1960 నాటి భూమి మూలచట్టం ప్రకారం పూర్తి యాజమాన్య హక్కు, అంటే హక్ మిలిక్, ఇండోనేషియా పౌరులకే. 21వ సెక్షన్. పెళ్లయ్యాక ఆవిడ భూమి కొంటే అది ఇద్దరి ఉమ్మడి ఆస్తి అవుతుంది, అందులో నీకూ సగం ఉన్నట్టు లెక్క, అక్కడే చిక్కు. అందుకే పెళ్లికి ముందే ఆస్తులు విడివిడి అని ఒప్పందం రాసుకోవాలనేవారు. మేం రాసుకోలేదు, అప్పట్లో మాకు ఎవరూ చెప్పలేదు. 2016 అక్టోబరులో రాజ్యాంగ న్యాయస్థానం పెళ్లయిన తర్వాత కూడా ఆ ఒప్పందం రాసుకోవచ్చని తీర్పిచ్చింది. ఆ తర్వాతే మేం నోటరీ దగ్గర రాసుకుని ఇల్లు కొన్నాం.

నీ విషయంలో నయం. వారసత్వంగా వచ్చింది ఉమ్మడి ఆస్తి కిందకి రాదు. 1974 వివాహ చట్టం 35వ సెక్షన్‌లో ఉంది. ఎవరికి వచ్చింది వాళ్లదే. కాబట్టి పొలం దాకా నీ పాస్‌పోర్టు అడ్డు కాదు. రేపు పక్క మడి కొనాలనుకుంటే మాత్రం ముందు ఒప్పందం రాసుకోండి.

ఇంకొకటి, ఇది తలుచుకోవడానికి మనసొప్పదు గానీ తెలిసి ఉండాలి. ఆవిడకేమైనా అయి భూమి నీకు వారసత్వంగా వస్తే ఏడాదిలోపు దాన్ని ఇండోనేషియా పౌరుడికి బదలాయించాలి. లేకపోతే ప్రభుత్వపరం. పిల్లలున్నారా? వాళ్లకు ఏ పాస్‌పోర్టు?

జావా అల్లుడు

లతక్కా, ఇంత వివరంగా చెప్పినందుకు చేతులెత్తి దణ్ణం. ఒక్కతే కూతురు, ఏడేళ్లు. ఇండోనేషియా పాస్‌పోర్టే.

బాండుంగ్ లత

అలాగే ఉంచు. వేరే పౌరసత్వం కూడా ఉన్న మనిషికి హక్ మిలిక్ ఉండదు. మా పెద్దాడికి రెండూ ఉంచాలని చాలా తిరిగాను. మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు, ఇక్కడ పిల్లలకు 18 దాకానే, ఆ తర్వాత 21 లోపు ఒకటి ఎంచుకోవాలి. అమ్మమ్మ పొలం పాపకు దక్కాలంటే ఆ ఒక్క పాస్‌పోర్టు చాలు.

మాజీ డీటీ, గుంటూరు

నాయనా, రెవెన్యూలో 34 ఏళ్లు చేసి డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యాను. నీ పోస్టు చదువుతుంటే మళ్లీ ఆఫీసులో కూర్చున్నట్టుంది. ఆ లెటర్ సి పుస్తకం ఎవరి దగ్గర ఉంటుంది? దిద్దుబాట్లు ఎవరు చేస్తారు? మన దగ్గర 1984లో కరణాలను తీసేసినప్పుడు, చాలా ఊళ్లలో రికార్డు కరణం ఇంటి అటక మీద ఉండిపోయింది. అవి తెప్పించుకోవడానికి మేం పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. పన్ను కట్టినట్టున్న కాగితం వేరు, హక్కు కాగితం వేరు. శిస్తు రసీదు చూపించి భూమి నాదేనని వచ్చినవాళ్లు నా సర్వీసులో వందల మంది.

జావా అల్లుడు

సార్, సరిగ్గా అదే ఇక్కడా. ఆ పుస్తకం ఊరి ఆఫీసులో చెక్క బీరువాలో ఉంటుంది. మొన్న మా ఆవిడతో వెళ్లి చూశాను. పొడుగ్గా ఉండే లెడ్జర్, అంచులు చెదలు కొట్టేసి ఉన్నాయి. తాతగారి పేజీలో నీలం సిరాతో రాసిన అంకెలు, పక్కన ఎర్ర సిరాతో ఒక కొట్టివేత. పెరట్లో ఒక ముక్క ఎప్పుడో చెల్లెలికి ఇచ్చారట, దాని గుర్తు. ఆఫీసులో పెద్దాయన వేలు పెట్టి ఒక్కో గీతకీ కథ చెప్పాడు. ఆయన తర్వాత ఆ గీతలు చదవగలిగేవాళ్లు ఎవరున్నారా అని భయం వేసింది.

మీకు ఆసక్తిగా ఉంటుందని చెప్తున్నా. ఊరి పెద్దను కెపాలా దేసా అంటారు. కెపాలా మన కపాలమే, తల అని అర్థం. దేసా మన దేశం. ఊరి జనాన్ని ‘వర్గా’ అంటారు, ఆస్తిని ‘హర్తా’ అంటారు, అది మన అర్థం. ఊరి పెద్ద ఎన్నికై వస్తాడు. పదవీకాలం ఆరేళ్లుండేది, 2024 సవరణతో ఎనిమిదేళ్లయింది. పాత రివాజు ప్రకారం ఆయనకూ ఊరి సిబ్బందికీ ఊరుమ్మడి పొలంలో భాగం ఇస్తారు. దాన్ని బెంకోక్ అంటారు. పదవిలో ఉన్నంతకాలం పంట వాళ్లది, దిగిపోతే పొలం ఊరికి తిరిగొస్తుంది.

మాజీ డీటీ, గుంటూరు

అచ్చంగా మన సర్వీసు మాన్యమే. మన దగ్గర మాన్యాలు చాలా చోట్ల చేతులు మారిపోయాయి, వీళ్లు నిలబెట్టుకున్నారంటే సంతోషం. ఎర్ర సిరా గీత ఉన్న పేజీకి ఊరిపెద్ద సంతకంతో నకలు ఇప్పుడే తీసుకో నాయనా. రేపటికి వాయిదా వేయకు.

ఓరుగల్లు పద్మ

అన్నా, నాకు ఇండోనేషియా గురించి తెల్వదు. కానీ నీ పోస్టు చదివి ఊకుండలేకపోయిన. మా నాయిన 1991ల రెండెకరాలు సాదా బైనామా మీద కొన్నడు. తెల్ల కాగితం, నలుగురు సాక్షులు, అమ్మినాయన వేలిముద్ర. ఆయన బతికున్నన్ని రోజులు పొలం మాదేనని ఊరందరి ముందట చెప్పేటోడు. ఆయన పోయినంక కొడుకులు పాసుబుక్కు వాళ్ల తాత పేరుమీదనే ఉన్నదని అడ్డం తిరిగిన్రు. సాక్షులల్ల ముగ్గురు అప్పటికే లేరు. మా నాయిన ఆ మడి చుట్టూ తిరిగి తిరిగి మనాదితోని మంచం పట్టిండు.

మీ పక్కింటాయన మంచోడే కావచ్చు. ఆయన కొడుకులు ఎట్లుంటరో ఎవరికి ఎరుక? తాకట్టు కాగితం ఉన్నదా, నోటి మాటేనా? పెద్దమనుషులు బతికున్నప్పుడే రాతకోతలు చేయించుకోన్రి.

జావా అల్లుడు

పద్మక్కా, మీ నాన్నగారి సంగతి చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. కాగితం ఉంది. నోట్‌బుక్కు పేజీ చింపి రాసింది. మామగారి సంతకం, పెద్దాయన సంతకం, ఆర్‌టీ పెద్ద సంతకం. ఆర్‌టీ అంటే కొన్ని పదుల ఇళ్లకు ఒక గుంపు, జపాను ఆక్రమణ కాలంలో పెట్టిన పద్ధతి అలాగే ఉండిపోయింది. ఇలాంటి రాతను వీళ్లు ‘చేతి కింది’ ఒప్పందం అంటారు, అంటే అధికారి లేకుండా రాసుకున్నదని.

లాంపుంగ్ చెరువు

అన్నయ్యా, మాది భీమవరం. సుమత్రా దక్షిణ కొసన లాంపుంగ్ తీరాన వనామీ రొయ్యల చెరువుల్లో టెక్నీషియన్ని. మా ఓనరు ఇలాంటి గొడవలోనే ఇరుక్కుంటే నోటరీ చెప్పింది నేను పక్కనే కూర్చుని విన్నాను.

1960లోనే 56వ నంబరు చట్టం ఒకటి వచ్చింది. దాని 7వ సెక్షన్: వ్యవసాయ భూమి తాకట్టు ఏడేళ్లు నిండితే, నిలబడి ఉన్న పంట కోసుకున్న నెలలోపు భూమి తిరిగిచ్చేయాలి. సొమ్ము అడగడానికి వీల్లేదు. అన్నేళ్ల పంటతో అప్పు తీరిపోయినట్టే లెక్క. ఏడేళ్లు నిండకపోతే దానికీ సూత్రం ఉంది. ఏడున్నరలోంచి గడిచిన ఏళ్లు తీసేసి, మిగిలినదాన్ని ఏడుతో భాగించి, తీసుకున్న సొమ్ముతో హెచ్చించాలి. నాలుగేళ్లయితే సరిగ్గా సగం.

మీది తొమ్మిదేళ్లు. పైసా ఇవ్వక్కర్లేదు. ఏడాదికి రెండు పంటలే అనుకున్నా పెద్దాయన 18 పంటలు తిన్నాడు. నోటరీ చేత ఒక కాగితం రాయించి పంపండి, మడి ఇచ్చేస్తాడు.

కడప మల్లి

మా సీమలో దీన్నే భోగ్యానికి పెట్టడం అంటారు. మా అమ్మమ్మ కాలంలో భోగ్యంలో పోయిన చేను ఇప్పటికీ తిరిగి రాలేదు. లాంపుంగ్ తమ్ముడు చెప్పింది నూటికి నూరుపాళ్లు న్యాయం. బీదవాడి భూమి బతికించడానికే ఆ చట్టం తెచ్చుంటారు. దాన్ని వాడుకోవడానికి మొహమాటం దేనికి?

జావా అల్లుడు

లాంపుంగ్ తమ్ముడూ, మల్లిగారూ, చట్టం ఇంత స్పష్టంగా ఉందని నాకు నిజంగా తెలియదు. ఈ సంగతి రాత్రి మా ఆవిడకు చెప్పాను. తను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకటే అంది: ‘‘పక్‌దేకి ఆ మాట ఎవరు చెప్తారు? నువ్వు చెప్తావా?’’ పక్‌దే అంటే పెదనాన్న. రక్తసంబంధం లేదు, అయినా చిన్నప్పటి నుంచీ అలాగే పిలుస్తుంది.

ఆ ప్రశ్న ఎందుకడిగిందో మీకు అర్థం కావాలంటే ఇక్కడి బతుకు కొంచెం చెప్పాలి.

మా వీధరుగు స్తంభానికి మేకు కొట్టి ఒక ప్లాస్టిక్ గ్లాసు వేలాడుతుంది. ప్రతి ఇంటికీ ఉంటుంది. రాత్రి పడుకునే ముందు అందులో 500 రూపియా బిళ్ల వేయాలి. ఒకప్పుడు గుప్పెడు బియ్యం వేసేవారట. దీన్ని జింపితన్ అంటారు. అర్ధరాత్రి కాపలా తిరిగేవాళ్లు గ్లాసులన్నీ వంపుకుని పోతారు. ఆ సొమ్ముతోనే ఊరి టెంటు, కుర్చీలు, ఆపదలో ఉన్నవాడికి చేబదులు. నాకు వారానికో రాత్రి కాపలా. నా జోడీ పెద్దాయనే. 70 దాటినా కెంతోంగన్ ఆయనే వాయిస్తాడు. పనస దుంగను తొలిచి నిలువునా చీలిక పెట్టిన డప్పు లాంటిది అది. దొంగ పడితే ఒక దెబ్బ, నిప్పంటుకుంటే ఇంకో దెబ్బ, చావుకు వేరే దెబ్బ. ఆరేళ్లయినా నేను వాటిని సరిగా పోల్చలేను, ఆయన ఓపిగ్గా మళ్లీ చెప్తాడు.

పెళ్లికీ చావుకీ ఆడవాళ్లందరూ వంటకు వచ్చేస్తారు, దాన్ని రెవాంగ్ అంటారు. పిలుపు అక్కర్లేదు. ఎవరు ఎన్ని కిలోల బియ్యం, ఎంత పంచదార తెచ్చారో ఇంటివాళ్లు పుస్తకంలో రాసుకుంటారు. మన చదివింపుల పుస్తకమే. మా అత్తగారి బీరువాలో 1990ల నాటి పుస్తకం కూడా ఉంది. ఎవరింట్లో శుభకార్యమొచ్చినా ఆవిడ అది తీసి చూసుకుని, అంతకు తక్కువ కాకుండా పట్టుకెళ్తుంది.

మామగారు పోయిన రోజు తెల్లవారుజామున మసీదు మైకులో చెప్పారు. పొలాల్లోకి బయల్దేరినవాళ్లు పారలు గట్టున పెట్టి వెనక్కి వచ్చేశారు. శవానికి స్నానం చేయించినవాళ్లలో పెద్దాయన ఒకడు. మూడో రోజు, ఏడో రోజు, నలభయ్యో రోజు, నూరో రోజు జరిగే ప్రార్థనలన్నిటికీ చాపలు పరిచింది ఆయన కొడుకులే. వెయ్యో రోజు ఇంకా రావాలి.

ఆయనకు నోటరీ నోటీసు పంపితే మడి వస్తుంది. కానీ మర్నాడు రాత్రి కాపలాకు నేను ఎవరి పక్కన కూర్చోవాలి?

లాంపుంగ్ చెరువు

అన్నయ్యా, మీరు చెప్పింది అర్థమైంది. నోటీసు మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఒక్కటి. చట్టం సంగతి తెలిసి ఊరుకోవడం వేరు, తెలియక పూర్తి సొమ్ము కట్టడం వేరు. మాట్లాడేటప్పుడు ఆ లెక్క మీ జేబులో ఉండాలి.

పాదాంగ్ రవి

నేను పశ్చిమ సుమత్రాలో ఉంటాను, మినంగ్‌కబావ్ ప్రాంతం. ఇక్కడ వంశపు భూమి తల్లి నుంచి కూతురికే వెళ్తుంది. మేనమామలు చూసుకుంటారు గానీ వాళ్లది కాదు. అమ్మడం అనే మాటే లేదు. తాకట్టుకు కూడా పాతకాలం నుంచి నాలుగే కారణాలు: పెద్దిల్లు కారిపోతుంటే, ఎదిగిన పిల్లకు పెళ్లి కావాలంటే, ఇంట్లో శవం లేవాలంటే, ఖాళీ అయిన వంశపెద్ద పదవిని మళ్లీ నిలబెట్టాలంటే. సొమ్మును చాలాచోట్ల బంగారం తూకంలో రాసుకుంటారు, ఏళ్లు గడిచినా ఇచ్చినవాడు నష్టపోకుండా. మీ పెద్దాయన కాగితం డబ్బు ఇచ్చాడు. తొమ్మిదేళ్ల కిందటి కోటీ యాభై లక్షలతో అప్పుడు వచ్చింది ఇప్పుడు రాదు. ఆయన వైపు నుంచి అది కూడా చూడండి.

విజయవాడ వాసు

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. ఇవన్నీ చదువుతుంటే నాకూ అక్కడ ఓ అరెకరం కొనుక్కుని రిటైరయ్యాక ఉండాలనిపిస్తోంది. బాలిలో స్థానికుల పేరు మీద కొని పక్కన ఒప్పందం రాసుకోవచ్చని ఒక ఏజెంటు చెప్తున్నాడు. పనవుతుందా?

ఉబుద్ శ్రీను

వాసుగారూ, దయచేసి ఆ పని చేయకండి. ఎనిమిదేళ్లుగా బాలిలో హోటల్ పనిలో ఉన్నాను. వేరేవాడి పేరున కొని, వెనకాల అప్పుపత్రం, అధికారపత్రం రాయించుకునే ఈ తంతు మూలచట్టం 26వ సెక్షన్ ప్రకారం చెల్లదు. భూమీ పోతుంది, డబ్బూ పోతుంది. నాకు తెలిసిన ఒకాయన జీవితమంతా దాచుకున్నది అలాగే పోగొట్టుకుని సూట్‌కేసుతో వెళ్లిపోయాడు. పట్టాలో పేరున్న మనిషి మంచివాడే, ఆయన చనిపోయాక వారసులు వచ్చారు.

విదేశీయుడికి చట్టబద్ధంగా ఉన్నవి వాడుక హక్కు, కౌలు. వాడుక హక్కుకు కూడా నివాస అనుమతి ఉండాలి, 30 ఏళ్లకిచ్చి తర్వాత 20, ఆ తర్వాత 30 పొడిగిస్తారు. అది ఇంటికి. వరి పొలం మీకు రాదు. మన దగ్గర ఓసీఐ కార్డు ఉన్నవాళ్లు, అంటే విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లు, వ్యవసాయ భూమి కొనలేరు కదా, అలాంటిదే.

ఇంకో మాట. బాలి పల్లెల్లో చాలా ఇళ్లస్థలాలు ఆచార గ్రామానివి. ఆ స్థలంలో ఉన్న కుటుంబం గుడి పనులకూ ఊరి పనులకూ మనిషిని పంపాలి, అదే దానికి అద్దె. ఏజెంటు ఈ సంగతి చెప్పాడా?

విజయవాడ వాసు

చెప్పలేదు. అడ్వాన్సు ఇవ్వబోతున్నాను, ఆపేశాను. మీ మేలు మరచిపోను శ్రీనుగారూ.

బాండుంగ్ లత

తమ్ముడూ, పీటీఎస్ఎల్ సంగతి మళ్లీ గుర్తుచేస్తున్నా. లెటర్ సి, గిరిక్ లాంటి పాత పన్ను కాగితాలకు 2021 నాటి 18వ నంబరు ప్రభుత్వ నియమావళి ఐదేళ్ల గడువు పెట్టింది. 2026 ఫిబ్రవరి తర్వాత వాటిని హక్కుకు సాక్ష్యంగా తీసుకోరు. భూమి పోదు, భయపడకండి. ఆ కాగితాలు దారి చూపే గుర్తులుగా మాత్రమే పనికొస్తాయి, అప్పుడు భూమి ఎవరి స్వాధీనంలో ఉందన్న దానికి బరువు పెరుగుతుంది. మరి నీ సగం మడి తొమ్మిదేళ్లుగా ఎవరి స్వాధీనంలో ఉంది? అందుకే కొలతకు ముందే పెద్దాయనతో తేల్చుకో.

మీ బావమరిది విషయం కూడా చూడు. వ్యవసాయ భూమి యజమాని ఆ భూమి ఉన్న మండలంలోనో, దాన్ని ఆనుకున్న మండలంలోనో ఉండాలని 1961 నుంచీ నిబంధన. తంగెరాంగ్ గుర్తింపు కార్డుతో వరి పొలం ఆయన పేరున పెట్టబోతే ఆఫీసులో ఆపుతారు.

జావా అల్లుడు

మూడు వారాలకు మళ్లీ వస్తున్నాను. జరిగింది జరిగినట్టు చెప్తాను.

బావమరిది సెలవు పెట్టి వచ్చాడు. కార్డు అక్కడికి మార్చుకున్నాడని లతక్క ఊహించింది నిజమే. అత్తగారి ముందు కూర్చుని అక్కాతమ్ముళ్లు ఒక రాత్రిలో తేల్చుకున్నారు. పొలం మొత్తం అక్కకు, ఇంటి వెనక పెరటి స్థలం తమ్ముడికి. పాత పద్ధతిలో ఆడపిల్లకు ఒకటి, మగపిల్లాడికి రెండు భాగాలని ఒక లెక్క ఉంది. ‘‘ఆడది వీపున మోస్తుంది, మగాడు కావడి మోస్తాడు’’ అన్నట్టుగా ఉంటుంది ఆ సామెత. అత్తగారు దాన్ని ఎత్తనే లేదు. ఇద్దరూ తన కడుపునే పుట్టారంది. తనకంటూ భాగం వద్దంది, ఉన్నన్నాళ్లూ ఇంట్లో ఉంటే చాలంది. వారసుల పత్రం తయారుచేసి, ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించి, ఊరి పెద్ద, మండల అధికారి ముద్రలు వేయించాం. వారసత్వ బదిలీ పన్నులో కనీసం 30 కోట్ల రూపియా విలువ వరకు మినహాయింపు ఉంది, మాది అందులో చిన్న ముక్క, కట్టాల్సిందేమీ లేదు.

ఇక పెద్దాయన. మా ఆవిడ, నేను సాయంత్రం ప్రార్థన అయ్యాక వెళ్లాం. నేను మాట్లాడలేదు. తనే చెప్పింది. పట్టా వస్తోంది, మడి ఇక నా పేరుకు మారుతుంది, మీరిచ్చిన సొమ్ము సంగతి తేల్చుకోవాలి అని. చట్టం మాట ఎత్తలేదు. ఆయన టీలో పంచదార కలుపుతూ విన్నాడు. లోపలికి వెళ్లి ఒక బిస్కెట్ డబ్బా తెచ్చాడు. అందులో ఆ నోట్‌బుక్కు పేజీ, దానికి గుచ్చి ప్రతి పంట అమ్మిన చీటీ. తొమ్మిదేళ్లవీ ఉన్నాయి. రెండేళ్లు ఎలుకలు కొట్టేసి గింజ రాలేదు, ఆ చీటీల మీద ‘‘లేదు’’ అని రాసుకున్నాడు.

‘‘ఏడేళ్లు దాటితే డబ్బు అడగకూడదని రేడియోలో ఎప్పుడో విన్నాను. మీ నాన్నతో కూడా అన్నాను. వాడు ఒప్పుకోలేదు, బాకీ బాకీయే అన్నాడు’’ అని చెప్పాడు.

మా ఆవిడ అక్కడే ఏడ్చేసింది.

చివరికి కుదిరింది ఇది. సగం సొమ్ము, 75 లక్షల రూపియా, మేం ఇచ్చాం. ఆయన వద్దన్నాడు, ఆయన భార్య తీసుకుంది, మనవడి స్కూలు ఖర్చుంది. ఇప్పుడు నాటి ఉన్న పంట ఆయనది. తర్వాత మడి మాది, కానీ దున్నడం ఆయనే దున్నుతాడు, సగపాలుకు. విత్తనం, ఎరువు చెరిసగం. ఇవన్నీ రాసి ఊరి ఆఫీసులో ముద్ర వేయించాం. పాత పేజీ మీద ‘‘తీరింది’’ అని రాసి ఇద్దరూ సంతకం పెట్టారు.

ఓరుగల్లు పద్మ

అన్నా, చదువుతుంటే కండ్లల్ల నీళ్లొచ్చినయ్. మా నాయినకు చదివి వినిపించిన. ‘‘ఆ ముసలాయన చీటీలు దాచుకున్నడా?’’ అని రెండుసార్లు అడిగిండు.

కడప మల్లి

నేను చట్టం వాడమని గట్టిగా చెప్పినదాన్ని. ఇప్పటికీ మీరు సగం ఇవ్వక్కర్లేదనే అంటాను. కానీ అది మీ ఆవిడ నిర్ణయం, పొలం తనది. సగపాలు కౌలు రాతలో ఎన్నాళ్లని పెట్టారు? మళ్లీ ఏళ్లు పెరిగిపోకూడదు.

జావా అల్లుడు

మూడేళ్లు మల్లిగారూ. మీరు అడగకముందే మా ఆవిడ అదే అడిగి రాయించింది.

మాజీ డీటీ, గుంటూరు

నాయనా, కొలత ఎలా జరిగింది? హద్దులు ఎవరు చూపించారు?

జావా అల్లుడు

సార్, నిన్ననే అయింది. మీరు అడుగుతారని అన్నీ గమనించాను.

ఉదయం ఏడింటికి కొలతవాళ్లు వచ్చారు. నాలుగు పక్కల మడులవాళ్లూ గట్టు మీద ఉండాలి, హద్దు ఒప్పుకున్నట్టు సంతకం పెట్టాలి.  నీళ్లు పంచే ఉలు-ఉలు కూడా వచ్చాడు, మన నీరటి లాంటివాడు. ఉత్తరం పక్కన కాలువ కాబట్టి ఆయన మాట కావాలి.

మూడు మూలలు సులువుగా తేలాయి. నాలుగోది, పెద్దాయన దున్నే మడి చివర, గడ్డిలో మునిగి ఉంది. తూర్పు పక్క మడాయన గట్టు రెండడుగులు ఇటు ఉండాలన్నాడు. మాటలు కాస్త పెరిగాయి. పెద్దాయన ఏమీ అనకుండా పంచె ఎగగట్టి బురదలో దిగాడు. కొడవలితో గడ్డి కోసుకుంటూ పోయి ఒకచోట ఆగాడు. ఎర్రాకుల ఆందొంగ్ మొక్క మొదలు, బొటనవేలంత చిగురుతో. ఇక్కడ పాతకాలంలో హద్దుకు ఆ మొక్కే నాటేవారు. మా ఆవిడ తాతగారు నాటింది. తొమ్మిదేళ్లు ఆ మడి దున్నినవాడు నాగలి దాని దాకా రానీయలేదు. తూర్పు పక్కాయన దగ్గరికొచ్చి చూసి, ‘‘అదే, మా నాన్న కూడా దాన్నే చూపించేవాడు’’ అన్నాడు. సిమెంటు రాయి అక్కడే పాతారు. మొక్కను పీకవద్దని మా ఆవిడ చెబితే రాయిని నాలుగు వేళ్లు పక్కకు జరిపారు, అందరూ ఒప్పుకునే.

లెటర్ సిలో ఆ తాకట్టు మడి 1,200 చదరపు మీటర్లు. కొలతకు 1,214 వచ్చింది. ఊరి ఆఫీసు బోర్డు మీద పటం అంటించి 14 రోజులు ఉంచుతారు, అభ్యంతరాలుంటే చెప్పమని. ఇవాళ రెండో రోజు. పొద్దున పాపను బడికి దింపుతూ ఆగి చూశాను. మా ముక్క నంబరు కింద పాప వేలు పెట్టి వాళ్లమ్మ పేరు చదివింది.

మాజీ డీటీ, గుంటూరు

14 రోజులు అయ్యాక ఆ పటం నకలు కూడా తీసుకో. రాయి పాతిన చోటు బాగా కనబడేట్టు ఫొటో తీసి పెట్టుకో, వెనకాల మొక్క పడాలి.

జావా అల్లుడు

తీశాను సార్. పెద్దాయన కూడా ఉన్నాడు అందులో, కొడవలి చేతిలో పట్టుకుని.